మా ఇంటి పొద్దుటి పూట: కార్తీకం నుంచి వైశాఖం దాకా

నవంబరు, కార్తీకం మొదట్లో

విజయవాడలో కాలువ గట్టుకు దగ్గర్లో మా ఇల్లు. ఆరుగురం ఉంటాం. మావయ్యగారికి డెబ్భై దాటాయి, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. అత్తయ్యగారికి థైరాయిడ్. మా ఆయన ఆటోనగర్‌లో ఒక షాపు లెక్కలు చూస్తారు, నేను బ్యాంకులో చేస్తాను. అమ్మాయి పదో తరగతి, బాబు ఐదు. స్కూలు వ్యాను ఏడూ ఇరవైకి సందు చివరికి వస్తుంది, నిమిషం కూడా ఆగదు.

పొద్దుటి పూట ఆరోగ్యంగా గడవాలంటే ఏం చేయాలో చెప్పేవి చాలా చదివాను. దాదాపు అన్నీ ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఐదింటికి లేవాలి, నీళ్ళు తాగాలి, ధ్యానం చేయాలి, నడవాలి. ఆ మనిషి ధ్యానంలో ఉండగా పాలు ఎవరు కాయాలి, క్యారేజీ ఎవరు కట్టాలి, కుళాయి వచ్చినప్పుడు నీళ్ళు ఎవరు పట్టాలి అన్నది వాటిలో ఎక్కడా లేదు. మా లాంటి ఇంట్లో ఒక్కరి ఉదయం బాగుపడాలంటే మిగిలిన ఐదుగురి ఉదయం కూడా కదలాలి. అందుకే దీన్ని ఇంటి ప్రాజెక్టుగా మొదలుపెట్టాం. మొదటి షరతు: ఎవరి ఆరోగ్యం కోసమూ ఇంకొకరి నిద్ర తగ్గకూడదు.

మొదటి వారం ఏమీ మార్చలేదు. పాత క్యాలెండరు కాగితం వెనక ఎవరు ఎప్పుడు లేస్తున్నారు, ఎప్పుడు పడుకుంటున్నారు, ఏ పని ఎవరి చేతి మీదుగా జరుగుతోంది అని రాస్తూ వచ్చాం. వారం చివర ఆ కాగితం అన్నం తిన్నాక అందరి ముందూ పెట్టాను. ఐదూ ముప్పావు నుంచి ఏడూ ఇరవై దాకా ఉన్న పనుల్లో చాలా భాగం నా పేరు మీదే ఉంది. అందులోనూ సగం చేతిపని కాదు, ఆలోచించి తేల్చాల్సినవి. ఇవాళ టిఫినేమిటి, కూరేమిటి, బాబు బెల్టెక్కడ, అమ్మాయికి రికార్డు పుస్తకం కావాలా. మా ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "టిఫినూ వ్యానూ నాకు వదిలెయ్" అన్నారు. ఆ ఒక్క మాటతో ప్రాజెక్టులో పెద్ద భాగం అక్కడే మొదలైంది.

నిద్ర లెక్క వెనక నుంచి వేశాం. వ్యాను టైము మారదు. కాబట్టి పిల్లలు ఆరింటికి లేవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. అంటే బాబు తొమ్మిదికల్లా, అమ్మాయి పదికల్లా నిద్రలో ఉండాలి. ఇప్పుడు అమ్మాయి పడుకునేది పదకొండున్నరకు. పొద్దున్నే లేవడం గురించి మాట్లాడే ముందు రాత్రి గురించి మాట్లాడాలని ఆ కాగితమే చెప్పింది.

ఇక్కడ మావయ్యగారితో కాస్త చర్చ జరిగింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితేనే బుర్రకెక్కుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆయన అలాగే చదివి పైకొచ్చారు. 

"మీరు నాలుగింటికి లేచే రోజుల్లో ఎన్నింటికి పడుకునేవారు మావయ్యగారూ?" అని అడిగాను. 

"ఎనిమిదికల్లా దీపం తీసేసేవాళ్ళం అమ్మా. కిరసనాయిలు మిగలాలిగా." 

చెప్పి ఆయనే ఒక నిమిషం ఆగారు. "అయితే పిల్లదాన్ని ముందు పెందలాడే పడుకోనివ్వండి. లేవడం తర్వాత చూద్దాం."

యవ్వనంలోకి అడుగుపెట్టే వయసులో నిద్ర వచ్చే వేళే శరీరం వెనక్కి జరుపుకుంటుంది. రాత్రి పదింటికి వాళ్ళకు నిద్ర రాకపోవడంలో బద్ధకం ఏమీ లేదు. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2014లో హైస్కూళ్ళు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది ఇందుకే. మన దగ్గర వ్యాను ఏడూ ఇరవైకే వస్తుంది కాబట్టి, పదింటికి నిద్ర పట్టే వీలు కల్పించడమే మా చేతిలో ఉంది. ఆ వయసు పిల్లల్ని నాలుగింటికి లేపడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ విషయంలో ఎవరేమన్నా నా అభిప్రాయం మారదు.

నవంబరు చివర

ఈ నెలంతా రాత్రి పనే. నిద్ర లేచిన మొదటి పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా మెదడు మందంగా ఉంటుంది. ఆ సమయంలో ఏదైనా తేల్చుకోమంటే చిరాకు వస్తుంది, అరుపులు మొదలవుతాయి. కాబట్టి పొద్దున్న ఎవరూ ఏదీ నిర్ణయించనక్కర్లేకుండా చేయాలనుకున్నాం. వారం టిఫిన్లు ఆదివారం సాయంత్రమే ఖరారు చేసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాం. రాత్రి అన్నాలయ్యాక పెసలు నానబెట్టడం అత్తయ్యగారు, కూరగాయలు తరగడం నేనూ మా ఆయనా, యూనిఫాం, బూట్లు, నీళ్ళ సీసాలు గుమ్మం పక్కన పెట్టడం పిల్లలు. డికాక్షన్ కూడా రాత్రే ఫిల్టరులో వేసేస్తున్నాం. అంతా కలిపి అరగంట పడుతుంది. పొద్దున్న అంతకు రెట్టింపు కలిసొస్తోంది.

ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట చార్జింగు. అలారం కోసమే ఫోను పడకగదిలోకి వెళ్తోంది కాబట్టి గవర్నర్‌పేటలో ఒక బల్ల గడియారం కొన్నాం. కళ్ళకు దగ్గరగా పెట్టుకున్న తెర వెలుతురు, అందులోనూ నీలి కాంతి, నిద్ర తెచ్చే మెలటోనిన్‌ను ఆపుతుంది. అమ్మాయి నోట్సు ఫోన్లో వస్తాయి కదా అంటే, ఎనిమిదిన్నరలోపు వాటిని పుస్తకంలోకి రాసుకుంటానని తనే చెప్పింది. అత్తయ్యగారి సీరియల్ తొమ్మిదిన్నరకు అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది ఆవిడే మానేశారు. "మనవరాలి పరీక్షల ఏడు, టీవీ ఎక్కడికి పోతుంది" అన్నారు.

కార్తీక స్నానం సంగతి కూడా తేల్చాల్సి వచ్చింది. మావయ్యగారు ఏటా చీకటితోనే కృష్ణ ఒడ్డుకు వెళ్తారు. తెల్లవారే వేళకు బీపీ సహజంగానే పెరుగుతుంది. గుండెపోట్లు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తాయన్నది వైద్యులు చాలా కాలంగా గమనిస్తున్న విషయం. దాని మీద చన్నీళ్ళలో ఒక్కసారిగా మునగడం ఆయన వయసుకు మంచిది కాదని డాక్టరుగారు సూటిగా చెప్పారు. ఈ ఏడాది సోమవారాలు, పౌర్ణమి మాత్రం వెలుతురు వచ్చాక ఘాటుకు వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, తల మీద నీళ్ళు చల్లుకుని వచ్చారు. మిగతా రోజులు ఇంట్లోనే గోరువెచ్చని నీళ్ళు. భక్తిలో ఏ లోటూ రాలేదని ఆయనే అన్నారు.

డిసెంబరు, ధనుర్మాసం

రాత్రి నిద్ర కుదుటపడ్డాక పొద్దుటి వెలుతురు మీదకు వచ్చాం. మెదడులో, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి కాస్త పైన, ఒక చిన్న కణాల గుంపు ఉంది. శరీరానికి గడియారం అదే. దాని సొంత లెక్కలో రోజు సరిగ్గా ఇరవైనాలుగు గంటలు కాదు, చాలామందిలో కాస్త ఎక్కువ. రోజూ దాన్ని సరిదిద్దేది పగటి వెలుతురు. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. పొద్దున్నే వెలుతురు పడితే ఆ రాత్రి నిద్ర పెందలాడే వస్తుంది. ట్యూబులైటు గదిలో వెలుతురు మహా అయితే కొన్ని వందల లక్సులు (వెలుతురుకు కొలత). పొద్దెక్కాక, మబ్బు పట్టిన రోజున కూడా, ఆరుబయట వేలల్లో ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చోవడానికీ వాకిట్లో నిలబడడానికీ అందుకే అంత తేడా.

దీనికి కొత్తగా ఏం పెట్టాలా అని చూస్తుంటే అత్తయ్యగారి దినచర్యలో అది ముందునుంచే ఉంది. లేవగానే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, తులసికోటకు నీళ్ళు పోసి, ఒక చుట్టు తిరిగి లోపలికి వస్తారు. వెలుతురు, వంగి లేవడం, నడక అన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడకు రాత్రి పడుకోగానే నిద్ర పడుతుంది. ఇంట్లో అలా పట్టేది ఆవిడకు ఒక్కరికే.

ధనుర్మాసం రావడం కలిసొచ్చింది. పిల్లలకు ముగ్గు పని అప్పజెప్పాం. బాబు చుక్కలు పెడతాడు, అమ్మాయి కలుపుతుంది, నాన్నమ్మ గొబ్బెమ్మలు చేసి పువ్వులు గుచ్చుతారు. ఆరూ పది నుంచి ఆరున్నర దాకా. ఈ రోజుల్లో విజయవాడలో సూర్యోదయం ఆరున్నరకు అటూ ఇటూగా అవుతోంది కాబట్టి ముగ్గు పూర్తయ్యేసరికి వెలుతురు నేరుగా మొహం మీద పడుతుంది. మొదటి వారం అమ్మాయి మొహం ముడుచుకునే వచ్చింది. రెండో వారానికి రాత్రి పదింటికల్లా ఆవలింతలు మొదలయ్యాయి. ఇది పూర్తిగా వెలుతురు వల్లేనని చెప్పను. ఫోను హాల్లో ఉండడం కూడా కారణమే. కానీ రెండూ కలిసి పని చేశాయి.

డిసెంబరు మూడో వారం: మాత్రలు, కాఫీ

ఈ ప్రాజెక్టులో నాకు బాగా ఉపయోగపడిన వారం ఇదే. పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో పొద్దున్న అసలు చిక్కు మాత్రల దగ్గరే ఉంటుందని నా అనుభవం.

అత్తయ్యగారు థైరాయిడ్ మాత్ర కాఫీ ముందో వెనకో వేసుకునేవారు. ఆ మాత్ర ఖాళీ కడుపుతో, వట్టి మంచినీళ్ళతో, కాఫీకీ టిఫినుకీ అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాఫీతో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇప్పుడు మాత్రా, గ్లాసుడు నీళ్ళూ ఆవిడ మంచం పక్కన రాత్రే పెడుతున్నాం. ఐదున్నరకు లేవగానే మాత్ర. తర్వాత వాకిలి, ముగ్గు, తులసి. లోపలికి వచ్చేసరికి గంట గడిచిపోతుంది, అప్పుడు కాఫీ. క్యాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చాం. గడియారం చూసుకోనక్కర్లేదు, ముగ్గే ఆవిడకు గడియారం. ఈ మార్పు ఫలితం రక్తపరీక్షలో కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి పరీక్ష ఫిబ్రవరికి రాసుకున్నాను.

మావయ్యగారి బీపీ ఇదివరకు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు చూసేవాళ్ళం. దానికి ఒక పద్ధతి ఉంది. మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, మాత్రకు ముందు, కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూడాలి. ఆ ఐదు నిమిషాలూ ఆయన కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మనసులో చదువుకుంటారు. ఇలా చూసిన అంకెలు ఒకదానితో ఒకటి పోల్చుకునేలా ఉంటున్నాయి. డాక్టరుగారికి కూడా ఆ పుస్తకం చూపిస్తే సరిపోతోంది.

షుగరు విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల్సింది. మావయ్యగారు పరగడుపున గట్టు మీద నడిచొచ్చేవారు. ఒక రోజు చేతులు వణుకుతూ, చొక్కా తడిసిపోయేలా చెమటలతో తిరిగొచ్చారు. గ్లూకోమీటరులో 64 ఉంది. 70 కంటే తగ్గితే లో షుగరే. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్ళీ చూశాం, తేరుకున్నారు. డాక్టరుగారిని అడిగితే, ఆయన వేసుకునే గ్లిమిపిరైడ్ రకం మాత్రలతో పరగడుపున నడిస్తే ఇలా అయ్యే వీలుందని, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళలో ఇది అరుదని చెప్పి, మోతాదు కాస్త సవరించారు. నడక టిఫిను తర్వాతకు మార్చమన్నారు. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి తిన్న తర్వాత పెరిగే షుగరూ తగ్గుతుంది. ఇప్పుడు ఆయన జేబులో గ్లూకోజు పొట్లం, ఫోను తప్పనిసరి. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళను పొద్దున్నే నడకకు పంపేవాళ్ళు ముందు వాళ్ళ మాత్రల పేర్లు డాక్టరుకు చూపించి అడగండి. ఇది మాత్రం అందరికీ చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తోంది.

కాఫీ. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కాఫీ, టీలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దని ఉంది. వాటిలోని ట్యానిన్లు తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. మా అమ్మాయికి రక్తం తక్కువ. తను టిఫినుతో పాటే టీ తాగేది. టీ తీసేసి, టిఫిను పక్కన నిమ్మరసమో, జామకాయ ముక్కలో, ఉసిరి పచ్చడో పెడుతున్నాం. సి విటమిన్ ఉంటే పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము బాగా పడుతుంది. అదే పుస్తకంలో రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని, 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని లెక్క ఉంది. తాగిన కెఫీన్‌లో సగం బయటకు పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉందన్నమాట. నేను రెండో కాఫీని మధ్యాహ్నం మూడింటికి ముందుకు జరిపాను. మొదట్లో ఒకటి రెండు రోజులు తలనొప్పి వచ్చింది, అంతే.

డిసెంబరు చివర: టిఫిను

మావయ్యగారికి ఏ టిఫిను పడుతోందో ఊహించడం కంటే చూసుకోవడం మేలని, తిన్న రెండు గంటలకు స్ట్రిప్పుతో షుగరు చూస్తూ వచ్చాం. స్ట్రిప్పుల ఖర్చు తక్కువేమీ కాదు, అందుకే ఒక్కో టిఫినుకు రెండు మూడు సార్లకు మించి చూడలేదు. తిన్న తర్వాత 180 లోపు ఉండాలని డాక్టరుగారు పెట్టిన హద్దు.

రాగిజావ ఆయనకు ఇష్టం, మంచిదనే నమ్మకమూ ఉంది. కానీ మెత్తని పిండిని పల్చగా ఉడికించి తాగితే త్వరగా అరిగిపోతుంది, అన్నిటికంటే ఎక్కువ అంకె అదే చూపించింది. రాగులు మంచివే, తాగే రూపంతోనే పేచీ. అదే రాగిపిండితో ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె కాలిస్తే తక్కువ వచ్చింది. వట్టి బియ్యపురవ్వ ఇడ్లీ కంటే, మినప్పప్పు వాటా పెంచి జొన్నరవ్వ కలిపిన ఇడ్లీ నయం. అన్నిటికంటే బాగా పడింది పెసరట్టు. పొట్టు పెసలు, అల్లం, పచ్చిమిరపకాయ, పైన ఉల్లిపాయ. పులియబెట్టే పని లేదు, రాత్రి నానబెడితే చాలు, పొద్దున్న మిక్సీలో తిప్పి పెనం మీద వేయడమే. మాంసకృత్తులూ ఎక్కువ. ఉప్మా వేసుకుని తినే అలవాటు మాత్రం ఆదివారానికి పరిమితం చేశాం. ఇది ఒక్క మనిషి ఒంటి లెక్క. ఇంకొకరికి ఇవే అంకెలు వస్తాయని చెప్పలేను.

టిఫిను పని మా ఆయనది. మొదట్లో పెనం మీద అట్టు చిరిగిపోతుంటే అత్తయ్యగారు లేచి వెళ్ళబోయేవారు. "మీరు కూర్చోండమ్మా, నేను నేర్చుకుంటాను" అనేవారాయన. ఇప్పుడు పెనం కాగాక నీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, ఏ మాత్రం ఆలోచించకుండా వేసేస్తున్నారు. పిల్లలకు నాన్న వేసిన అట్టే కావాలి.

జనవరి

నెల మొదట్లో మంచు. ఈ నెల మధ్యకు వచ్చేసరికి సూర్యోదయం దాదాపు ఆరూ నలభైకి జరిగింది. చలికాలం పొద్దున్న నేలకు దగ్గరగా చల్లగాలి, పైన వెచ్చటిగాలి ఉండి, పొగ పైకి పోకుండా కిందే నిలుస్తుంది. చెత్త తగలబెట్టిన వాసన గట్టు మీద ముక్కుకు తగులుతూనే ఉంటుంది. మావయ్యగారి నడక ఎలాగూ టిఫిను తర్వాతే కాబట్టి, ఎనిమిదింటికి ఎండ పడ్డాక వెళ్తున్నారు. చలికాలంలో చీకటి నడక కంటే ఇదే మేలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సంక్రాంతికి ఊరెళ్ళాం. భోగి మంటలు, అరిసెలు, అర్ధరాత్రి దాకా కబుర్లు. పట్టిక అంతా పక్కన పెట్టాం, పెట్టాలి కూడా. పండక్కి వెళ్ళి తొమ్మిదికల్లా పడుకుంటామంటే ఎవరికీ బాగుండదు. మందులు మాత్రం ఏ వేళవి ఆ వేళకే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద జరిగిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనబడలేదు. తిరిగొచ్చాక అన్నీ ఒకేసారి మొదలుపెట్టలేదు. మొదట పడుకునే వేళ ఒక్కటే సరిచేశాం. అది కుదరగానే మిగతావి వాటంతటవే వెనకే వచ్చాయి.

ఫిబ్రవరి, మార్చి

అత్తయ్యగారి థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె హద్దులోకి వచ్చింది. మోతాదు పెంచాలేమో అని అంతకుముందు అన్న డాక్టరుగారు ఉన్నదే కొనసాగించమన్నారు. ఆవిడ ఈ సంగతి ఫోనులో చెల్లెళ్ళందరికీ చెప్పారు. కాఫీకి ముందు గంట ఎడం సూత్రం ఇప్పుడు తెనాలి దాకా వెళ్ళింది.

అమ్మాయికి పరీక్షల టెన్షన్ మొదలైంది. తోటి పిల్లలు కొందరు మూడింటికే లేస్తున్నారని విని తనూ లేస్తానంది. "నిద్రలోనే కదమ్మా, పగలు చదివింది మెదడులో కుదురుకునేది" అని చెప్పి చూశాను. నమ్మలేదు. తాతయ్య దగ్గర కూర్చుంది. ఆయన ఏం చెప్పారో తెలియదు గానీ, పదింటికి పడుకుని ఐదుంబావుకు లేచే ఒప్పందం చేసుకుని వచ్చింది. మధ్యాహ్నం ఇంట్లో ఉండే రోజుల్లో ఇరవై నిమిషాల కునుకు. ఎనిమిది గంటలకు కాస్త తక్కువే. అయినా పరీక్షల నెల, తన మాటా వినాలి కదా అని ఒప్పుకున్నాను. పొద్దున్నే లెక్కలు, ముగ్గు సమయానికి అరగంట విరామం. ధనుర్మాసం ఎప్పుడో అయిపోయినా చిన్న ముగ్గైనా తనే వేసి వస్తోంది, ఎవరూ చెప్పనక్కర్లేకుండా.

నాకు దక్కింది ఏమిటంటే, ఆరుంబావు నుంచి ఆరూ నలభై ఐదు దాకా సమయం. మా ఆయన వంటింట్లో ఉంటారు, నేను మేడ మీద. సూర్య నమస్కారాల పన్నెండు భంగిమలు నెమ్మదిగా కొన్ని చుట్లు, తర్వాత చురుగ్గా నడక. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో ఉంది. ఐదు రోజులు అరగంట చొప్పున చేస్తే అది సరిపోయింది. కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా వారానికి రెండు రోజులు కావాలి. దానికి నిండు నీళ్ళ డబ్బాలు రెండు చేతులతో ఎత్తడం, గోడకు చేతులానించి తోయడం. నలభై దాటిన ఆడవాళ్ళకు ఇది నడక అంత ముఖ్యం. కానీ చాలామంది నడకతో ఆపేస్తారు.

ఏప్రిల్, మే

పరీక్షలయ్యాయి. పిల్లలకు సెలవులు. ఎంత సేపైనా పడుకోనివ్వమని అత్తయ్యగారు అడిగారు. బడి రోజుల కంటే గంటకు మించి ఆలస్యం కాకుండా చూస్తున్నాం. రోజూ పదింటిదాకా పడుకుంటే శరీరం గడియారం రెండు మూడు గంటలు పక్కకు జరుగుతుంది. జూన్‌లో మళ్ళీ లాక్కురావడానికి వాళ్ళే కష్టపడతారు.

ఎండలు మండుతున్నాయి. బెజవాడ వేసవి గురించి కొత్తగా చెప్పేదేముంది, నలభై దాటడం మామూలే. మే వచ్చేసరికి ఐదున్నర దాటగానే సూర్యుడు వచ్చేస్తున్నాడు, జనవరి కంటే గంటకు పైగా ముందు. అందుకే పట్టిక కూడా సూర్యుడితో పాటు కదిలింది. నా వ్యాయామం ఐదూ ముప్పావుకు. మావయ్యగారు ఎనిమిదింటికి బయట నడవలేరు కాబట్టి టిఫినే ఆరున్నరకు తెచ్చి, ఏడులోపు నడక ముగించేస్తున్నారు. సాయంత్రం భోజనం ఏడున్నరకు, ఆ తర్వాత సందులో పదిహేను నిమిషాలు మళ్ళీ నడక. పెద్దవాళ్ళకు వాడే బీపీ మాత్రల్లో ఒంట్లో నీరు తగ్గించేవి ఉంటే ఎండాకాలంలో మోతాదు గురించి డాక్టరును అడగడం అవసరం. మేం అడిగాం.

టిఫిన్లు కూడా మారాయి. పిల్లలకూ మాకూ వారంలో కొన్ని రోజులు చద్దన్నం. రాత్రి అన్నంలో నీళ్ళూ కాస్త మజ్జిగా పోసి మూతపెట్టి, పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, మామిడికాయ ముక్కతో. పొయ్యి వెలిగించనక్కర్లేదు, వంటింట్లో వేడి ఉండదు. రాత్రి కూడా వేడిగా ఉండే ఈ రోజుల్లో ఎక్కువసేపు బయట ఉంచితే పాడవుతుంది కాబట్టి పడుకునే ముందు కలిపి, పొద్దున్నే తినేస్తున్నాం. మావయ్యగారికి మాత్రం పెసరట్టే.

నిద్రే ఈ నెలల్లో బలహీనమైన చోటు. రాత్రి గది చల్లబడకపోతే గాఢనిద్ర రాదు. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే చర్మానికి రక్తం చేరి లోపలి వేడి బయటకు పోతుంది, చన్నీళ్ళ కంటే ఇదే పని చేస్తోంది. మేడ మీద దోమతెర కట్టుకుని పడుకోవడం పిల్లలకు ఇష్టం. అక్కడైతే వెలుతురుతోనే మెలకువ వచ్చేస్తుంది, అలారం అక్కర్లేదు.

మావయ్యగారి హెచ్‌బీఏ1సీ మొన్న చూపించాం. అది వెనకటి మూడు నెలల షుగరు సగటును చెబుతుంది. 8.1 నుంచి 7.2కు వచ్చింది. మాత్ర సవరణ, టిఫిను, నడక మూడింటిలో దేనికెంత వాటా అన్నది విడదీసి చెప్పలేం. మూడింటినీ అలాగే ఉంచమన్నారు డాక్టరుగారు.

జూన్‌లో చూడాల్సినవి: అమ్మాయి ఇంటర్‌లో చేరుతుంది, కాలేజీ బస్సు ఆరూ నలభైకే అంటున్నారు. ఆ లెక్కన తను తొమ్మిదిన్నరకే పడుకోవాలి. సాయంత్రం స్టడీ అవర్లు లేని కాలేజీ ఏదైనా దగ్గర్లో ఉందేమో ఈ వారం తిరిగి చూడాలి. బాబు ఆరో తరగతికి వస్తున్నాడు, మంచినీళ్ళ కుళాయి పని తనకు అప్పజెప్పాలి. మిక్సీ బ్లేడు అరిగిపోయింది, పెసరపిండి గరుగ్గా వస్తోంది, మార్పించాలి. అత్తయ్యగారికి టీఎస్‌హెచ్ మళ్ళీ ఆగస్టులో.